రెండో పిడి ఎవరు పట్టాలి

కోర్ఫూ, పాతపేట
1989 ఫిబ్రవరి 6, సోమవారం

స్తమతెలాకు నీ అన్న స్పిరోస్ రాస్తున్నది.

నువ్వు క్షేమమా అని అడగడం లేదు. అలా అడిగే మనసు ఐదున్నరేళ్ల కిందట పోయింది.

1983 ఆగస్టు పదకొండు. మన పునీత స్పిరిదోన్ ఊరేగింపు రోజు. ఆ రోజు నువ్వు మన పేటకు వచ్చావు. వోలోస్ నుంచి బస్సెక్కి వచ్చిన నలభై మంది ఆడవాళ్ల మధ్య, ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని నడిచే గైడు వెనకాల వచ్చావు. నువ్వు పుట్టిన సందులోకి ఎవడో చెయ్యి చూపిస్తే వచ్చావు. ఇవి వెనిస్ వాళ్ల కాలం నాటి ఇళ్లమ్మా అని వాడు చెబితే తల ఎత్తి మన ఇల్లు చూశావు. చూసి సిలువ గుర్తు వేసుకున్నావు. రుమాలుతో ముక్కు తుడుచుకున్నావు. తుడుచుకుని గొడుగు వెనకాల వెళ్లిపోయావు.

ఎదురింటి రెజీనా కిటికీలోంచి ఇదంతా చూసి మరునాడు నాకు చెప్పింది. "మీ చెల్లెలు మీ ఇంటిని గుడిని చూసినట్టు చూసి దణ్ణం పెట్టుకుపోయింది స్పిరోస్, పైకి రాలేదా?" అని అడిగింది. వచ్చింది, కాఫీ తాగి వెళ్లింది అన్నాను. రెజీనా నమ్మలేదు. ఆమె వంటింట్లోంచి నా కాఫీ గిన్నె కనబడుతుంది.

నలభై మంది పరాయి ఆడవాళ్లతో ఊరంతా తిరిగిన కాళ్లకు మన ఇంటి అరవై రెండు మెట్లు బరువయ్యాయా? నీ పెళ్లికి నేను రాలేదు, నిజమే. అది వేరే సంగతి, దాని గురించి రాయను. కానీ నేను ఎవరి ఇంటినీ బయట నిలబడి బొమ్మ చూసినట్టు చూసి వెళ్లలేదు.

ఇప్పుడు పని మాట. ఈ ఏడు ఈస్టర్ ఏప్రిల్ ముప్పై. కిటికీల్లోంచి సందులోకి నీళ్ల కుండలు వేసే శనివారం ఇరవై తొమ్మిది. అమ్మ పెట్టిన కట్టు నీకు గుర్తుందో లేదో. మన కిటికీలోంచి పడే కుండ పిడులు ఈ ఇంట పుట్టిన చేతులే పట్టాలి. నువ్వు వెళ్లిపోయాక ముప్పై ఆరు ఈస్టర్లు రెండు పిడులూ నేనే పట్టాను. ఏడాదికేడాది కుండ చిన్నదవుతూ వచ్చింది. పోయినేడు వేసినది పాలచెంబంత. కింద జనం నవ్వారు. ఒక జర్మన్ ఆవిడ జాలిపడి చప్పట్లు కొట్టింది. నవ్విన వాళ్ల కంటే ఆ చప్పట్లే నాకు ఎక్కువ గుచ్చుకున్నాయి.

నాకు డెబ్భై రెండు వచ్చాయి. నడుము చూసి డాక్టరు ఇక బరువెత్తొద్దన్నాడు. మరి కుండ ఎవరు వేస్తారు అని అడిగితే, అది డాక్టర్లను అడిగే ప్రశ్న కాదన్నాడు. రేవు దగ్గర ట్రావెల్ ఆఫీసు పెట్టిన యెరాసిమోస్ వారానికోసారి మెట్లెక్కి వస్తున్నాడు. ఆ శనివారానికి కిటికీ తనకివ్వాలట. తన దగ్గర దిగిన జర్మన్లు పెద్ద కుండ తెచ్చి వేస్తారట, నేను కుర్చీలో కూర్చుని చూడొచ్చట. మన కిటికీలో నాకు కుర్చీ వేస్తానంటున్నాడు.

నువ్వు వచ్చి రెండో పిడి పడితే వాణ్ణి మెట్ల మీంచే వెనక్కు పంపిస్తాను. రాకపోతే సంతకం పెడతాను. ఇంట్లో సగం నీది కాబట్టి అడుగుతున్నాను, లేకపోతే అడిగేవాణ్ణి కాదు. ఈ నెలాఖరులోగా రాయి.

నీ అన్న
స్పిరోస్ వరగూలిస్


వోలోస్
1989 ఫిబ్రవరి 15

అయ్యా,

మీరెవరో నాకు తెలియదు. మా అన్న స్పిరోస్ వరగూలిస్ 1983 వేసవిలో చనిపోయాడు. ఒక చనిపోయిన మనిషి పేరుతో అతని చెల్లెలికి ఉత్తరం రాయడానికి మీకు చేతులెలా వచ్చాయో నాకు అర్థం కావడం లేదు.

నేను కళ్లారా చూశాను. చావు కబురు చెప్పే నల్ల అంచు కాగితం మా సందు మొదట్లో దీపస్తంభానికి అంటించి ఉంది. పెద్ద అక్షరాల్లో మా అన్న పేరు. కింద చిన్న అక్షరాలు చదవలేదు, కళ్లజోడు బస్సులో ఉండిపోయింది. చదివి తెలుసుకోవాల్సింది కూడా ఏముంది. ఊరేగింపు రోజు ఊళ్లో ప్రతి కిటికీకీ ఎర్ర పట్టుబట్ట వేలాడుతుంటే మా కిటికీ ఒక్కటే మూసి ఉంది. అయినా మనసొప్పక, మూల మీద అల్లం సోడా అమ్మే ముసలాయన్ను అడిగాను, స్పిరోస్ నిజంగానే పోయాడా అని. పోయాడమ్మా, పది రోజులైంది, దేవుడు క్షమించుగాక అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. నాకు వినబుద్ధి కాలేదు.

ఆ రోజు నేను ఆ మెట్లెక్కుదామనే అంత దూరం వచ్చాను. చేతిలో అంజీరపళ్ల పాకం సీసా ఉంది. అది గుళ్లో పునీతుడి భౌతికకాయం ఉన్న పెట్టె దగ్గర వదిలి వచ్చాను.

మీ ఉత్తరంలో "ఇంట్లో సగం నీది" అనే మాట, "సంతకం" అనే మాట దగ్గర దగ్గరగా ఉన్నాయి. మా అల్లుడు కోర్టులో గుమస్తా. ఇది ఇల్లు కాజేసే ఎత్తు అన్నాడు. చనిపోయిన వాళ్ల చేతిరాత అనుకరిస్తే శిక్ష ఉంటుందని కూడా అన్నాడు. చేతిరాత గురించి నేనేమీ చెప్పలేను, ఎందుకంటే మా అన్న నాకు ఎన్నడూ ఉత్తరం రాయలేదు.

మీరు మా అన్నే అయితే, మా అన్నకు, నాకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఒకటి రాయండి. రాయలేకపోతే ఇంకోసారి ఆ పేరు వాడకండి.

స్తమతెలా
(థనాసిస్ భార్య)

మా ఆయన మీ ఉత్తరం రెండుసార్లు చదివి, ఈ పొగరు బతికున్నవాడిదేనంటున్నాడు. ఆయన మాట పట్టించుకోకండి.


కోర్ఫూ
1989 ఫిబ్రవరి 24

స్తమతెలాకు,

నేను చచ్చానన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

చచ్చింది నేను కాదు. ఆవులింత స్పిరోస్. బాబాయి కొడుకు. ఊరేగింపులో పునీతుడి పల్లకీ ఎదుట నోరంతా తెరిచి ఆవులించి జీవితాంతం ఆ పేరు మోశాడు చూడు, వాడు. మన తాత స్పిరోస్. తాత పేరు నాన్న నాకు పెట్టాడు, బాబాయి వాడికి పెట్టాడు. ఇందులో కొత్తేముంది? ఈ ఊళ్లో వీధి మధ్య నిలబడి స్పిరోస్ అని పిలిస్తే సగం మంది మగాళ్లు తిరిగి చూస్తారు. మిగతా సగం మంది, మా వాణ్ణెందుకు పిలుస్తున్నావని అడుగుతారు. అందుకే కదా మనిషికో మారుపేరు ఉన్నది. స్పిరోస్ పోయాడా అని నువ్వు ఏ రోజు అడిగినా పోయాడనే చెబుతారు, ఎవడో ఒకడు పోయే ఉంటాడు. ఏ స్పిరోస్ అని అడగాలి. మేకు స్పిరోస్ పోయాడా అని అడిగి ఉంటే ఆ సోడా ముసలాయన, లేదమ్మా, ఇప్పుడే నా సోడాలో నీళ్లెక్కువని తిట్టిపోయాడు అని చెప్పేవాడు. పాతికేళ్లు ఇక్కడ పెరిగి కూడా ఆ ఒక్క మాట అడగడం మరిచావు. వోలోస్ నిన్ను పాడుచేసింది.

ఆ కాగితం మీద మారుపేరు లేకపోవడం ఒలింపియా చేసిన పని. వాడి పెళ్లాం. ఏథెన్స్ మనిషి. గోడ మీద ఆవులింత అని అచ్చువేస్తే పరువు తక్కువట. మారుపేరు లేకుండా పోయిన మొదటి వరగూలిస్ వాడే. ఆ వారమంతా నన్ను చూసి ఇద్దరు ముసలమ్మలు సందు మార్చుకున్నారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

పట్టుబట్ట చిమ్మటలు తినేశాయి, అందుకని కిటికీకి ఏమీ కట్టలేదు. నేను కిటికీ మూసి పల్లకీ వెనకాల కొవ్వొత్తి పట్టుకుని నడుస్తున్నాను. నువ్వు నా కోసం ఏడ్చేటప్పుడు నేను నీకు రెండు వీధుల అవతల చెమటలు కక్కుతున్నాను.

రుజువు అడిగావు. నీకు ఏడేళ్లప్పుడు, ఈస్టరుకు అమ్మ రంగు వేసి దాచిన ఎర్ర గుడ్లలో మూడు తినేసి, పెంకులు నా పాత బూట్లో దాచావు. ఎడమ బూటు. దెబ్బలు నేను తిన్నాను. ఇది నీ అల్లుడి కోర్టు కాగితాల్లో ఉండదు.

సిలువ గుర్తు ఎందుకు వేసుకున్నావో అర్థమైంది. ఐదున్నరేళ్లుగా దాచుకున్న కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. కాబట్టి వేరేది అడుగుతున్నాను. నేను పోయాననుకున్న దానివి రెజీనాకు ఒక్క ముక్క రాయలేదేం? నా సమాధి మీద ఒక పువ్వు పెట్టడానికి రాలేదేం? వచ్చి వెతికి ఉంటే దొరికేది కాదు, అప్పుడైనా తెలిసేది. నాకు ఏటేటా కర్మ చేశావా లేదా? చేస్తే గుడికి పట్టుకెళ్లే గోధుమల్లో ఏమేం కలిపావు?

ఈ ప్రశ్నల మధ్య అసలుది మరిచిపోకు. కుండకు వస్తావా? యెరాసిమోస్ మొన్న కిటికీ కొలతలు తీసుకుపోయాడు.

స్పిరోస్
(మేకు)


వోలోస్
1989 మార్చి 6

అన్నయ్యా,

ఎడమ బూటు అన్న చోట నాకు కళ్లు తిరిగాయి. ఉల్లిపాయల బుట్ట మీద కూలబడ్డాను. థనాసిస్ నీళ్లు తెచ్చి నా మొహాన చల్లి, నేను చెప్పానా పొగరు చూసి అన్నాడు.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. చేశాను. నలభయ్యో రోజున చేశాను, ఆ తర్వాత ప్రతి ఆగస్టులోనూ చేశాను. గోధుమలు ఉడికించి దానిమ్మ గింజలు, బాదం, ఎండుద్రాక్ష కలిపి, పైన పంచదార పరిచి, దాని మీద బాదం పలుకులతో నీ పేరులో మొదటి అక్షరం పెట్టి గుడికి తీసుకెళ్లాను. ఒక్క ఏడు కూడా బాదం తగ్గించలేదు. మొన్న వెళ్లి ఫాదర్‌తో సంగతి చెప్పాను. ఇన్నేళ్ల ప్రార్థనలు ఏమయ్యాయని అడిగాను. చేసిన ప్రార్థన వెనక్కు తీసుకోవడం కుదరదన్నాడు. "స్పిరోస్ వరగూలిస్ ఆత్మ కోసమని చదివాం, ఆ పేరుతో ఒక ఆత్మ పైన ఉంది కదమ్మా, అతనికే చేరి ఉంటాయి" అన్నాడు. అంటే ఆవులింత అన్నయ్య ఇన్నేళ్లూ నా బాదం తింటూ హాయిగా ఉన్నాడు.

రెజీనాకు ఎందుకు రాయలేదంటే, సిగ్గేసి. ముప్పై ఒక్క ఏళ్లు పంతం పట్టి, నువ్వు పోయిన పది రోజులకు వచ్చిన దాన్ని. ఏ మొహంతో రాయను?

ఇప్పుడు అసలు చిక్కు విను. చచ్చిపోయాక నువ్వు చాలా మంచివాడివయ్యావు. గోధుమలు పంచుతూ మా వీధి వాళ్లకు చెప్పేదాన్ని, అమ్మానాన్నలు పోతే నన్ను కన్నబిడ్డలా పెంచాడని. కుండ సంగతి వచ్చినప్పుడు, మా అన్న గురి చూసి వెయ్యలేదు, చెయ్యి జారింది అని చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా నేనే నమ్మాను. ఫాదర్ ముందు మోకరించి నిన్ను క్షమించాను. మా అమ్మాయి కొడుక్కు నీ పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడేమో నువ్వు బతికున్నావు. చచ్చినవాడికిచ్చిన క్షమాపణ బతికున్నవాడికి చెల్లుతుందా? ఫాదర్‌ను అడిగితే, అది మీ అన్నాచెల్లెళ్లు తేల్చుకోవాలన్నాడు.

1952లో ఆ శనివారం నువ్వొక పిడి పట్టావు, నేనొక పిడి పట్టాను. ఊరివాళ్లంతా గోడలకు అంటుకుని నిలబడ్డారు. థనాసిస్ వోలోస్ నుంచి వచ్చిన సిపాయి, ఆయనకేం తెలుసు. సందు నడిమధ్య నిలబడి నన్ను చూస్తున్నాడు. నెల రోజులుగా చూస్తున్నాడు, అది నీకు తెలుసు. కుండ పడింది. ఆయన పాదంలో ఎముక రెండు ముక్కలైంది. నువ్వు కిటికీలోంచి చూసి ఒక్క మాట అనలేదు. నేను మెట్లు దిగి పరిగెత్తాను. ఆ పరుగు వోలోస్ వచ్చేదాకా ఆగలేదు.

ఆ తర్వాత కూడా నువ్వు ఒక్క ముక్క మాట్లాడలేదు. గురి చూసి కొట్టినవాడు కాబట్టే నోరు మెదపడం లేదని అనుకున్నాను. ఆయన పాదం ఇప్పటికీ వాన వచ్చే ముందు సలుపుతుంది. సలిపినప్పుడల్లా, "మీ అన్న కబురు పంపాడు, బట్టలు లోపల వెయ్యి" అంటాడు. ఆయన నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

నేను మళ్లీ నీ పక్కన నిలబడి పిడి పట్టాలంటే ఒక్కటి చెప్పు. గురి చూశావా, లేదా?

నీ చెల్లెలు
స్తమతెలా


కోర్ఫూ
1989 మార్చి 17

స్తమతెలాకు,

నీ ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తాను. ముందు నాకు జరిగిన అవమానం విను.

నీ ఉత్తరం అందగానే ఒలింపియా ఇంటికి వెళ్లాను. నీ మూలంగా నేను ఐదున్నరేళ్లు చచ్చి పడున్నాను, గోడ మీద సరైన పేరు వేసి ఉంటే ఇంత జరిగేది కాదు అన్నాను. ఆవిడ కుర్చీ కూడా చూపించలేదు. "మా ఆయన పేరు అదే కదా, మీది కూడా అదే కావడం నా తప్పా?" అంది. అని, మీరు బతికున్నారని ఎవరికి అనుమానం వచ్చింది అని అడిగింది. ఆ అడగడంలో ఏదో ఉంది.

అక్కణ్ణుంచి తిన్నగా ప్రెస్సుకు వెళ్లాను. ఒక కాగితం అచ్చువెయ్యమన్నాను. "స్పిరోస్ వరగూలిస్ (మేకు), తలుపులు కిటికీలు చేయు వడ్రంగి, బతికే ఉన్నాడని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది." ప్రెస్సతని దగ్గర ఆ సైజులో నల్ల అంచు తప్ప ఇంకోటి లేదు. వెతగ్గా వెతగ్గా పెళ్లిది ఒకటి దొరికింది, పావురాలతో. పావురాల కంటే నలుపే నయమనుకున్నాను. పైన సిలువ కూడా తియ్యడానికి రాదన్నాడు, అచ్చులోనే ఉందట. ఉంటే ఉండనీ, నేను క్రైస్తవుణ్ణే కదా అన్నాను. ముప్పై కాగితాలు గుడి దగ్గర్నుంచి సముద్రం గేటు దాకా స్వయంగా అంటించి వచ్చాను.

పది గంటలకల్లా మెట్ల మీద జనం. నల్లబట్టలు కట్టుకుని, బ్రాందీ సీసాలు, గట్టి రొట్టెలు పట్టుకుని వస్తున్నారు. ఈ ఊళ్లో నల్ల అంచు, పేరు, ఈ రెండు చూస్తే చాలు. మిగతాది ఎవడూ చదవడు. నువ్వు చదివావా? తలుపు నేనే తీశాను. మొదట వచ్చిన బేకరీ ముసలాయన నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "ధైర్యంగా ఉండు నాయనా, పోయినవాడికి నువ్వేమవుతావు?" అన్నాడు. ఆయనకు చూపు తక్కువ. చూపున్నవాళ్లు నన్ను చూసి ఒక్క అరుపు అరిచి మెట్ల మీద కూర్చున్నారు.

రెజీనా వచ్చి పంతొమ్మిది మందికి కాఫీ కాచింది. నేను బతికే ఉన్నానని తెలిశాక కూడా ఎవరూ లేవలేదు. అరవై రెండు మెట్లెక్కి వచ్చాం కదా అన్నారు. కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి నా గురించి మంచి మాటలు మాట్లాడారు. నేను ఎదురుగా కూర్చుని విన్నాను. పావుగంటకు మంచి మాటలు అయిపోయాయి. ఆ తర్వాత 1961లో నేను బిగించిన ఒక కిటికీ గురించి మొదలుపెట్టారు, అది ఇప్పటికీ మూసుకోదని.

యెరాసిమోస్ కూడా వచ్చాడు. నన్ను చూసి అరవలేదు, వాడు మెట్ల మీదే రెజీనాను పట్టుకుని నీ అడ్రసు అడిగాడు. వారసుల సంతకం ఉంటే పని త్వరగా అవుతుందని. ఈ తెలివితక్కువది ఇచ్చింది. పైకి వచ్చి నేను కనబడితే, అయితే మీ సంతకమే తీసుకుంటాను, ఏదైనా నాకు ఒకటే అన్నాడు. వాడి కాగితం ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

నువ్వడిగినదానికి వస్తే, ముప్పై ఏడేళ్ల కిందటి మాట. ఎవరికి గుర్తుంటుంది? కుండ బరువుంటుంది, గాలి ఉంటుంది, ఏవేవో ఉంటాయి. నీ మనవడికి నా పేరు పెట్టారని రాశావు. మేకు అని పిలుస్తున్నారా, లేక ఆ పిల్లాణ్ణి కూడా మారుపేరు లేకుండా వదిలేశారా?

వస్తున్నావా లేదా, ముందు అది రాయి.

స్పిరోస్


వోలోస్
1989 ఏప్రిల్ 3

అన్నయ్యా,

నువ్వు బతికుంటే ఇది నువ్వు చదువుకో. పోయి ఉంటే రెజీనా చదువుతుంది, ఆమెకు నా నమస్కారాలు.

మా పక్కింటి వాళ్లబ్బాయి చేపల లారీ నడుపుతాడు. కోర్ఫూ వెళ్లి వచ్చి, సముద్రం గేటు దగ్గర గోడ మీద మీ అన్న కాగితం చూశానత్తా అన్నాడు. ఈసారి నువ్వు నేర్పిన ప్రకారమే అడిగాను, ఏ స్పిరోస్ అని. మేకు అన్నాడు. మరి నువ్వే కదా. గోధుమలు నానబెట్టాను. అవి నానుతుండగా నీ ఉత్తరం వచ్చింది. కానీ నువ్వు రాసింది పదిహేడున, అతను చూసింది ఇరవైన. మధ్యలో మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజుల్లో ఏమైనా జరిగి ఉండొచ్చు. ఏదైతేనేం, నానిన గోధుమలు పారబొయ్యలేక ఉడికించాను. థనాసిస్ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఈసారి మాత్రం ఏడవలేదు. ఒకే మనిషి కోసం రెండుసార్లు ఏడవడం నా వల్ల కాదు.

ఆ యెరాసిమోస్ నాకు ఉత్తరం రాశాడు. మొదటి సగంలో సంతాపం, నిన్ను చూడకముందే రాసి ఉంచాడేమో, రెండో సగంలో నేను ఎక్కడ సంతకం పెట్టాలో. కాగితం ఉప్పు జాడీ కింద పెట్టి ఉంచాను. చింపలేదు, పెట్టలేదు.

ఎవరికి గుర్తుంటుంది అని రాశావు. యాభై ఏళ్లు దాటినా గుడ్ల పెంకులు ఏ బూట్లో దాచానో నీకు గుర్తుంది. కాబట్టి నాతో అలా మాట్లాడకు.

ఇదే నా ఆఖరి మాట. గురి చూశానను, వస్తాను. చూడలేదను, అయినా వస్తాను. రెండింట్లో ఏదో ఒకటి చెప్పకపోతే మాత్రం రాను, ఆ కాగితం ఉప్పు జాడీ కింద నుంచి తీసి సంతకం పెట్టి పంపిస్తాను. నాకు పిడి పట్టడం బరువు కాదు. తెలియకపోవడమే బరువు.

థనాసిస్ ఎలాగూ వస్తానంటున్నాడు. అదే చోట నిలబడతాడట. మీ అన్న గురి ఎలా ఉందో ఈసారి దగ్గర్నుంచి చూస్తానంటున్నాడు.

స్తమతెలా


కోర్ఫూ
1989 ఏప్రిల్ 12, బుధవారం

స్తమతెలా,

బతికే ఉన్నాను. గురి చూశాను.

అడిగావు కాబట్టి మిగతాది కూడా విను. చదివేటప్పుడు కూర్చుని చదువు, ఉల్లిపాయల మీద కాదు, కుర్చీలో.

నేను గురి చూసింది అతని మీద కాదు. అతనికి రెండు బారల ఇవతల కాలవ మీద మూత రాయి ఉంది, దాని మీద. కుండ ఎదుటే పగిలి నీళ్లు మొహాన కొడితే, మరునాటి నుంచి మన కిటికీ వంక చూడడనుకున్నాను. అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలింది నువ్వొక్కదానివే. వోలోస్ వాడు చూస్తున్నాడంటే వోలోస్ తీసుకుపోవడానికేనని నాకు తెలియదా? బెదరగొడదామనుకున్నాను. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను. ఒలింపియాకు చూపించకు.

నేను కొలబద్ద లేకుండా కంటితో చూసి కిటికీలు కోసినవాణ్ణి. ఆ 1961 కిటికీ ఒక్కటే గురి తప్పింది. కుండ ఆ రాయి మీదే పడాలి. ఎందుకు పడలేదో చెబుతాను. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం కలిసి వదలాలి. నేను రెండు అనేసరికి నువ్వు అతన్ని చూశావు. చూసి పిడి వదిలేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నావు. బరువంతా నా వైపు వచ్చి కుండ గిర్రున తిరిగింది. తిరిగి అతని కాలి మీద పడింది.

నువ్వు మెట్లు దిగి పరిగెత్తేటప్పుడు వెనకనుంచి అరిచి చెప్పి ఉండొచ్చు, వదిలింది నువ్వే అని. చెప్పలేదు. పెళ్లి కావలసిన పిల్లకు, కట్టుకోబోయేవాడి కాలు నీ చేతిమీదుగానే విరిగిందని చెప్పి పంపిస్తానా? పెళ్లికి వస్తే నాలుగు గ్లాసులయ్యాక ఎక్కడ నోరు జారతానోనని రాలేదు. ఒక ఏడు ఆగి చెబుదామనుకున్నాను, అప్పటికి నీకు కడుపని తెలిసింది. ఆ తర్వాత చెప్పకపోవడమే అలవాటైంది. చెప్పకుండా ఉన్న కొద్దీ నీ మీద కోపం కూడా పెరిగింది, నా అంత మంచివాణ్ణి నువ్వు అర్థం చేసుకోలేదని. అది న్యాయం కాదని తెలుసు. తెలిసినా కోపం వచ్చింది.

థనాసిస్‌కు చెబుతావో లేదో నీ ఇష్టం. చెబితే ఇక వాన కబుర్లు నీ పేరు మీద వస్తాయి. అతన్ని కింద నిలబడమను, ఆ రాయికి ఇవతల కాదు, గోడ దగ్గర.

ఇన్నేళ్లకు మళ్లీ పెద్ద కుండ చెప్పాను. కుమ్మరి నిన్న బండి మీద తెచ్చాడు. నా నడుము దాకా వచ్చింది. రెజీనా కొడుకులు ఇద్దరూ తిట్టుకుంటూ పైకి మోశారు. కిటికీ పక్కన నిలబెట్టి ఉంది. ఒక్కణ్ణి తోసి చూశాను, అంగుళం కూడా కదల్లేదు. రెజీనా చూసి, ఇంత నమ్మకమేమిటి, ఆమె వస్తానని రాసిందా అని అడిగింది. కాఫీ తాగి వెళ్లింది అని ఈసారి చెప్పలేకపోయాను.

యెరాసిమోస్ మట్టల ఆదివారం ఊరేగింపు అయ్యాక, మధ్యాహ్నం మూడు గంటలకు వస్తానన్నాడు. వాడు వేళకు వచ్చే మనిషి. వచ్చేటప్పటికి నీ మాట నా చేతిలో ఉండాలి, లేకపోతే వాడి కలం ఉంటుంది. ఉత్తరానికి టైము చాలదు, టెలిగ్రాం కొట్టు. ఎక్కువ రాయనక్కర్లేదు, క్షమించావా లేదా కూడా రాయనక్కర్లేదు, అది మెట్లెక్కాక చెప్పుకోవచ్చు. నేను మూడు అనేదాకా, కింద ఎవరు నిలబడినా సరే, పిడి వదలకుండా పట్టుకుంటావా? అవునో కాదో, ఏప్రిల్ ఇరవై మూడు, మట్టల ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల లోపల నాకు తెలియాలి.

నీ అన్న
మేకు స్పిరోస్